కూసోబెట్టి తినిపియ్యాలె

ముందు దగ్గు వినిపిస్తుంది. సిస్టర్ గడప ఇవతలే ఆగిపోతుంది. ఆమె వెనక అందరూ ఆశక్క అని పిలిచే ఆశా కార్యకర్త, ఆ వెనక మీరు. పొడిదగ్గు కాదది. గొంతులో తడి గురగురమంటోంది. రెండు దగ్గులు, కాస్త విరామం, ఆ విరామంలో స్టీలు గిన్నెకు చెంచా తగిలిన చప్పుడు, మళ్లీ దగ్గు. లోపలికి తొంగి చూడకముందే సిస్టర్‌కు సగం సంగతి తెలిసిపోయింది. పిల్లవాడు తింటున్నాడు. తిన్నదాంట్లో కొంత పొట్టలోకి, కొంత ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

ధర్మపురిలో చలికాలపు పొద్దు. గోదావరి మీద మంచు ఇంకా విడవలేదు. జగిత్యాల నుంచి వచ్చిన బస్సు దిగిన యాత్రికులు నరసింహస్వామి గుడివైపు పోయారు. మీరు 63వ నంబరు జాతీయ రహదారి దాటి ఈ రేకుల ఇళ్ల సందులోకి వచ్చారు. సిస్టర్ పల్లె దవాఖానలో పనిచేస్తుంది. చేతిసంచిలో బీపీ మిషను, షుగరు పట్టీలు, వేలికి తగిలించే ఆక్సీమీటరు, ఒక డైరీ. నిజానికి ఆమె ఈ ఇంటికి వచ్చింది పిల్లవాడి కోసం కాదు, వాడి నాయనమ్మకు బీపీ, షుగరు చూడటానికి. ఆమె చేతిలోని రిజిస్టరులో నాయనమ్మకు ఒక వరుస ఉంది, పిల్లవాడికి లేదు. ఈ ఇళ్లవాళ్ల పేర్లు ఇక్కడ రాయను.

లోపలి చీకటికి కళ్లు అలవాటు పడేసరికి నులకమంచం కనిపిస్తుంది. పిల్లవాడు వెల్లకిలా ఉన్నాడు. పద్నాలుగేళ్లంటే నమ్మలేం, ఎనిమిదేళ్ల ఒళ్లు. మోకాళ్లు ఒకదాని మీదొకటి అడ్డంగా బిగుసుకున్నాయి. మణికట్లు లోపలికి ముడుచుకున్నాయి. కళ్లు మాత్రం చురుకుగా మీ వైపు తిరిగాయి. తల్లి మంచం పక్కన గొంతుక్కూచుని, ఒక చేత్తో వాడి గడ్డం పైకెత్తి, పప్పుచారుతో పలచగా కలిపిన అన్నం నోట్లో పోస్తోంది. పోసి, లోపలికి జారాలని తల కాస్త వెనక్కి వంచుతోంది.

"ఏంది సిస్టరమ్మా, గింత పొద్దుగాలనే? అత్తమ్మ ఇంక మొకం గూడ కడగలె."

"అత్తమ్మను తర్వాత చూస్త గని అక్కా, గా గిన్నె జర కింద పెట్టు. తినేటప్పుడు ఎప్పుడు గిట్లనే దగ్గుతడా?"

"పుట్టినకాడికెల్లి గంతే. నీళ్లు తాగితె ఇంకెక్కువ."

"జెరం?"

"నెలకోపారన్న వస్తది. దవాఖానకు కొంచవోతె నిమోనియా అంటరు, సూదులిస్తరు. తగ్గుతది, మళ్ల వస్తది. నిరుడు రెండుసార్లు అడ్మిట్ జేసినం. ఆని రోగమే గంత అన్నరు."

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. పిల్లవాడికి ఉన్నది సెరిబ్రల్ పాల్సీ. కాన్పు సమయంలోనో, అంతకుముందో, ఆ తర్వాత కొద్దికాలానికో మెదడుకు తగిలిన దెబ్బ అది. ఆ దెబ్బ ఏటేటా పెరగదు. నెలనెలా వచ్చే నిమోనియాకు మరో కారణం ఉంది. ఆ కారణం ఈ పొద్దు ఈ గదిలో అందరి కళ్ల ముందే ఉంది: పడుకున్న మనిషి, వెనక్కి వంచిన తల, పలచని చారు. తల వెనక్కి వంగితే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది. మింగే కండరాల మీద పట్టు లేని పిల్లవాడికి మెతుకు ఎటు పోవాలో చెప్పే కావలి ఉండదు. ఫైలు మీద వైకల్యం పేరు కనపడగానే వైద్యంలో మిగతా ప్రశ్నలన్నీ ఆగిపోవడం మన జిల్లా జబ్బు మాత్రమే కాదు. ఇంగ్లండులో మేధో వైకల్యం ఉన్నవాళ్ల మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించే కార్యక్రమం ఒకటి ఏళ్లుగా నడుస్తోంది. అక్కడ కూడా ముందువరసలో కనిపించే కారణాల్లో నిమోనియా ఉంది, ఇలా తిండి దారి తప్పడం వల్ల వచ్చే నిమోనియా కూడా ఉంది.

సిస్టర్ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ముందుగా మాట్లాడింది పిల్లవాడితోనే. "కొడుకా, నేను నిన్ను లేపి కూసోవెడత. సరేనా?" వాడు గొంతులోంచి ఒక శబ్దం చేశాడు. "సరే అంటుండు," అంది తల్లి.

రెండు గోడలు కలిసే మూల చూసుకుంది. ఆశక్క చేత రెండు బొంతలు తెప్పించి, ఒకటి మడతపెట్టి కింద, ఒకటి వీపు వెనక. పిల్లవాడి చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతుంటే తల్లి కాళ్లవైపు పట్టింది. ముందు నడుము గోడకు ఆనింది, తర్వాత మోకాళ్లు వంచి వాటి కింద చుట్టిన చాదరు, రెండు మోకాళ్ల నడుమ ఒక చిన్న దిండు. కాళ్లు బిగుసుకుని ఉన్నప్పుడు లాగలేదు. అరచేత్తో మోకాలు పట్టుకుని ఊరికే ఉంది. కాసేపటికి బిగువు తనంతట తానే సడలింది. రెండు గోడల మూలలో భుజాలు ముందుకు వచ్చాయి, చేతులు ఒళ్లోకి చేరాయి. బయటెక్కడో వైకల్య శిబిరంలో ఇచ్చిన ప్రత్యేక కుర్చీ ఒకటి అదే గదిలో ఉంది. దాని మీద ఉతికిన బట్టలున్నాయి. వాడి కొలతకు దాన్ని సరిచేసి చూపించినవాళ్లు లేరు.

"మెడ నిలవది సిస్టరమ్మా. ముందల్కి పడ్తది. గందుకే పండవెట్టి పెడ్త."

"నిలవది, నిజమే. నువ్వే నిలవెట్టాలె. నా చెయ్యి చూడు."

పక్కన కూర్చుని ఎడమచెయ్యి వాడి తల వెనకనుంచి చుట్టి తెచ్చింది. చూపుడువేలు కింది పెదవికి దిగువన, నడిమివేలు గడ్డం కింద. గట్టిగా కాదు, ఆనించినంత. గడ్డం కొద్దిగా లోపలికి వంగింది. ఇప్పుడు వాడి చూపు నేరుగా ఎదురుగా ఉన్న గిన్నె మీద పడింది. ఇంతసేపూ రేకుల కప్పు చూస్తూ తిన్న పిల్లవాడు మొదటిసారి తన తిండి తాను చూస్తున్నాడు.

చారన్నం పక్కన పెట్టించింది. ఇంట్లో ఏముందని అడిగితే నాయనమ్మ కోసం వండిన మక్కగట్క ఉందన్నారు. దాంట్లో పెరుగు వేసి గడ్డలు లేకుండా మెదిపింది. చెంచా వంచితే ధారగా కారకుండా మెల్లగా జారాలి, అదే కొలత.

"చెంచా నిండ వద్దక్కా, సగం. మీదికెల్లి పొయ్యకు, ఎదురుంగ, కిందికెల్లి తీస్కరా. నాలుక మీద పెట్టి జర ఒత్తు. పెదవులు మూసినంక చెంచా తియ్యి. ఇగ గొంతు చూడు. గిది పైకి పోయి కిందికి రావాలె. వచ్చిందా? వచ్చినంకనే రెండోది."

మొదటి చెంచా. అందరూ గొంతు వైపే చూస్తున్నారు, మీరూ. గొంతు కదిలింది. దగ్గు రాలేదు. రెండో చెంచా తల్లి చేతికి ఇచ్చింది. ఆమె చెయ్యి అలవాటు ప్రకారం పైనుంచి వచ్చింది, సిస్టర్ మణికట్టు పట్టి దించింది. మూడు, నాలుగు. ఐదోదానికి తల్లి చెయ్యి దారి తెలుసుకుంది. ఏడో చెంచా తర్వాత వాడు కళ్లు అరమూసి మొహం తిప్పుకున్నాడు.

"చాలు. ఆడు అలిసిండు. అలిసినంక పెడితెనే తప్పు బాట వడ్తది. మూడుపూటలు కడుపునిండ తినిపియ్యాలని లేదు, ఆరుపూటలు కొంచెం కొంచెం పెట్టు. తిన్నంక అరగంట గిట్లనే కూసోవెట్టు, వెంటనే పండవెట్టకు. నీళ్లు గ్లాసుతోని గటగట పొయ్యకు. తర్వాత తడి బట్ట వేలికి చుట్టి నోరు మొత్తం తుడువు, పండ్లు, చిగుర్లు, దవడల సందు. నోరు సాఫ్ లేకుంటె గా చెడంత ఊపిరితిత్తులల్లకే పోతది."

మింగే తీరును పరీక్షించే నిపుణులకు చూపించాలని చీటీ రాసింది. బొంతలతో నేర్పింది ఆ పరీక్షకు బదులు కాదని, అప్పటిదాకా ప్రాణం కాపాడుకునే పద్ధతి అని కూడా చెప్పింది.

తల్లి ఏడవలేదు. చెంచా కడుగుతూ అంది: "పద్నాలుగేండ్లాయె. గిది నాకెవ్వరు చెప్పలె."

గూట్లో ప్లాస్టిక్ కవరులో ఉన్న, వైకల్య శాతం తెలిపే సదరం సర్టిఫికెట్ తీసి చూపించింది. తొంభై శాతం. క్యాంపులు తిరిగారు, వరుసల్లో నిలబడ్డారు, శాతం వచ్చింది. దాంతో ఆసరా పింఛను వస్తోంది. 2014లో 1,500 రూపాయలతో మొదలైన వికలాంగుల పింఛను 2019లో 3,016 అయింది, 2023లో 4,016 అయింది. ఆ డబ్బు ఈ ఇంట్లో గోలీలకు, పాలకు, ఆటోకు పోతుంది. అది లేకుంటే ఇల్లు నడవదు. వికలాంగుల సంక్షేమ శాఖ ఈ ఊరికి పరాయిదీ కాదు. 2019 నుంచి 2023 దాకా ఆ శాఖను చూసిన కొప్పుల ఈశ్వర్ అప్పటి ధర్మపురి ఎమ్మెల్యే, 2025లో ఆ బాధ్యత తీసుకున్న అడ్లూరి లక్ష్మణ్ కుమార్ కూడా ధర్మపురి ఎమ్మెల్యేనే. అధికారం ఇక్కడికి దగ్గరగానే ఉంది. అయినా శాతం లెక్కగట్టిన వైద్యులు, పింఛను రాసిన అధికారులు, సూదులిచ్చిన దవాఖానలు, ఇంతమంది చేతుల మీదుగా నడిచిన ఈ పద్నాలుగేళ్లలో ఒక్కరు కూడా "ఎట్ల తినిపిస్తున్నవు, చూపియ్యి" అని అడగలేదు. అడగడం ఎవరి ఉద్యోగంలోనూ రాసి లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఈ తల్లి ఇన్నేళ్లుగా చేస్తున్నది నర్సు పని. ఆ పనికి శిక్షణ ఉంటుందని ఆమెకు ఇవాళ తెలిసింది.

బ్రిటన్‌లో ఇది వేరే చదువు. అక్కడ నర్సింగులో పెద్దలకు, పిల్లలకు, మానసిక ఆరోగ్యానికి ఉన్నట్టే మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నాలుగో శాఖ ఉంది, దానికి వేరే రిజిస్ట్రేషను ఉంది. మన జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగు చదువుల్లో అలాంటి శాఖ లేదు. మనకున్న పెద్ద సంస్థ సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో ఉంది. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అయింది. ధర్మపురి నుంచి అక్కడికి పోయిరావడమంటే ఒక రోజు కూలీ పోవడం, బిగుసుకున్న ఒళ్లున్న పిల్లవాణ్ని బస్సులో గంటల తరబడి ఒళ్లో పెట్టుకోవడం.

సిస్టర్ ఇంకా లేవలేదు. పిల్లవాణ్ని ఒక పక్కకు తిప్పి నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర చర్మం చూసింది. తుంటి ఎముక మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. వేలితో ఒత్తి వదిలితే ఎరుపు పోయి మళ్లీ వచ్చింది. "ఇంక పుండు కాలె. రెండు గంటలకోపారి పక్క మార్చాలె, రాత్రి గూడ." దొడ్డికి ఎన్ని రోజులైందని అడిగింది. నాలుగు. పొట్ట మీద చెయ్యి వేసి ఎడమవైపు గట్టిగా ఉందని గమనించింది. కదలిక తక్కువ, నీళ్లు తక్కువ, పైగా ఫిట్స్ గోలీలు. పొట్ట బిగిసిన పిల్లవాడు సరిగా తినడు, రాత్రంతా ఏడుస్తాడు, ఆ ఏడుపునూ "ఆని రోగమే గంత" అంటారు.

"నొప్పైతె ఎట్ల తెలుస్తదక్కా నీకు?"

తల్లి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎడమకాలు బొటనేలు ముడుస్తడు. ఆకలైతె ముడువడు. నొప్పైతెనే."

సిస్టర్ అది డైరీలో రాసుకుంది. మాట రాని పిల్లల నొప్పిని కొలవడానికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో నర్సులు, వైద్యులు కలిసి 1997లో ఒక పద్ధతి తయారుచేశారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. 2006లో దాన్ని వైకల్యం ఉన్న పిల్లలకు సవరించినప్పుడు అందులో చేర్చిన ముఖ్యమైన సంగతి ఇదే: ఆ పిల్లవాడికి మాత్రమే ఉండే గుర్తు ఏమిటో తల్లిని అడిగి రాసుకోవాలి. ధర్మపురి సందులోని ఈ బొటనవేలు ఆ కొలతలో చోటున్న ఆనవాలు.

లేవబోతూ సిస్టర్ మంచం తలాపున ఉన్న చాటను చూపింది. అందులో కత్తిరించిన తునికాకు, జర్ద, దారపు కండె. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో వేల ఇళ్లలో ఇదే చాట. బీడీలు చుడుతూ పిల్లవాణ్ని చూసుకోవచ్చని తల్లి దాన్ని మంచం పక్కనే పెట్టుకుంది. జర్ద దుమ్ము పొద్దంతా వాడి ముక్కుల్లోకే. "చాట అర్రల వద్దు, అరుగు మీద పెట్టుకో." అరుగు మీద కూచుంటే పిల్లవాడు కనపడడు. మంచం తిప్పారు. ఇప్పుడు తలుపులోంచి వాడి మొహం అరుగుకు ఎదురుగా ఉంది. ఆ తర్వాతే నాయనమ్మ షుగరు చూసింది.

మధ్యాహ్నానికి భవిత కేంద్రం. సమగ్ర శిక్షా కింద మండలానికొకటి నడిచే గది ఇది. గోడకు అద్దం, దాని ముందు పట్టుకుని నడిచే రెండు కడ్డీలు, పెద్ద రబ్బరు బంతి, వాలుగా ఉండే చెక్క. ఫిజియోథెరపిస్టు వారానికొకసారి వస్తారు, ఆరోజు మాత్రం గది నిండుతుంది. మిగతా రోజులు ప్రత్యేక ఉపాధ్యాయులు కేంద్రంలో కొందరికి, ఇళ్లకు పోయి కదలలేని ఇంకొందరికి పాఠం చెబుతారు. మీరు ఎక్కువసేపు ఇక్కడ ఉండరు. డౌన్ సిండ్రోమ్ ఉన్న అయిదేళ్ల పాప బంతి మీద ఊగుతూ సిస్టర్ చేతి గడియారం లాగుతోంది. సిస్టర్ నవ్వుతూనే పాప గోళ్ల రంగు చూసింది, ఎకో తీయించారా, థైరాయిడ్ పరీక్ష ఈ ఏడు అయిందా అని అమ్మమ్మను అడిగింది. ఈ పిల్లల్లో దాదాపు సగంమందికి గుండెలో లోపం ఉంటుంది. ఎకో ఎప్పుడో తీశారు, థైరాయిడ్ సంగతి ఎవరూ చెప్పలేదు. మెడ ఎముకలు వదులుగా ఉండొచ్చు కనుక పల్టీలు కొట్టించొద్దని కూడా చెప్పింది.

అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు సుమారు 25 ఏళ్లు, ఇప్పుడు 60 దగ్గరకు వచ్చింది. గుండె ఆపరేషన్లు, ఇంట్లో పెరగడం, వేళకు పరీక్షలు, ఇవే దాన్ని పెంచాయి. మన దగ్గరా పిల్లలు బతుకుతున్నారు, పెద్దవాళ్లవుతున్నారు. కానీ 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల వరకే. భవిత కేంద్రం తలుపు కూడా అక్కడితో సరి. ఆ తర్వాత ఆ మనిషి ఎక్కడ ఉంటుందో చూడాలంటే ఆటో ఎక్కి రాయపట్నం వైపు పోవాలి.

ఊరి చివర పెంకుటిల్లు. వాకిట్లో ఇరవై రెండేళ్ల అమ్మాయి తునికాకులను సైజు ప్రకారం వేరు చేస్తోంది. పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప. చాలా శ్రద్ధగా. "సిస్టర్ అచ్చింది," అని అరిచి లేచింది. లేచిన మనిషి రెండడుగులు వేసి ఆగిపోయింది. చూపు ఒక పక్కకు లాగింది. మోకాళ్లు మడతపడ్డాయి.

సిస్టర్ ఆమె భుజాలు అందుకుని నేల మీదికి దించింది, ఆ వెంటనే గడియారం చూసింది. ఒళ్లంతా కొట్టుకుంటోంది. పక్కనున్న రోలును ఆశక్క దూరంగా జరిపింది. సిస్టర్ అమ్మాయి చున్నీ మడిచి తలకింద పెట్టి, ఒళ్లు ఎడమపక్కకు తిప్పింది. నురగ చెంప మీదుగా నేల మీదికి కారింది. తల్లి చేతిలో అప్పటికే ఉల్లిగడ్డ ఉంది, పక్కింటామె ఇనుప తాళంచెవి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, అవేం వద్దు. నోట్లె ఏం పెట్టద్దు, చేతులు కాళ్లు పట్టద్దు. నువ్వు గా పిల్లగాండ్లను అవుతలికి పంపియ్యి," అంది సిస్టర్ పక్కింటామెతో. ఆమెకొక పని దొరికింది, గుమిగూడినవాళ్లను తరిమింది. పెదవులు నల్లబడ్డాయి. మీకు ఇది పది నిమిషాలుగా సాగుతున్నట్టుంది. "రెండు నిమిషాలు," అంది సిస్టర్. కొట్టుకోవడం తగ్గింది. పెద్ద శ్వాస, ఆ తర్వాత గుర్రు. పెదవుల రంగు తిరిగి వచ్చింది. "అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోపారి వచ్చినా 108కి ఫోన్ చెయ్యాలె. గప్పటిదాక గిట్ల పక్కకు తిప్పి పండవెట్టి, దగ్గర్నే ఉండాలె."

గోలీలు అయిపోయి మూడు రోజులట. దుబాయ్‌లో ఉన్న కొడుకు పైసలు పంపేసరికి ఆలస్యమైంది. రోజూ వేసే ఫిట్స్ మందు అకస్మాత్తుగా ఆగితే మూర్ఛ తిరగబడుతుంది. సిస్టర్ అమ్మాయి పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి వచ్చాయి. ఫెనిటాయిన్ ఏళ్ల తరబడి వాడితే ఇలా అవుతుంది. మందు మార్చాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. పళ్లు రోజూ తోమించడం, గోలీల పెట్టె ఎప్పుడూ పదిరోజుల ముందే నింపడం ఇంటి పని. ఇంకొక మాట కూడా చెప్పింది, ఈ ఊరికి తప్పనిసరి మాట: "గోదావరికి స్నానానికి కొంచవోతె ఒక్కదాన్ని నీళ్లల్లకు దిగనియ్యకు. చేతికి అందేంత దూరంల నువ్వుండాలె. పొయ్యి కాడ గూడ గంతే."

అమ్మాయి లోపల నిద్రపోతోంది. తల్లికి అరవై దగ్గర పడుతున్నాయి. ఆమె గొంతు తగ్గించి అసలు సంగతి అడిగింది.

"మా ఆడిబిడ్డ చెప్పవట్టింది సిస్టరమ్మా. గర్భసంచి తీయిస్తె నెలనెలా గీ తిప్పలుండదట. దీనికేం పెండ్లా, పిల్లలా అంటది. తీయియ్యాల్నా?"

ఉమ్మడి కరీంనగర్ పల్లెల్లో గర్భసంచి ఆపరేషన్ చాలా మామూలు మాటైపోయింది. మేధో వైకల్యం ఉన్న ఆడపిల్లల విషయంలో అయితే దాన్ని దయగా చూసేవాళ్లు కూడా ఉన్నారు. 1994లో పుణెలోని ససూన్ ఆసుపత్రిలో శిరూర్ ప్రభుత్వ ఆశ్రమ గృహం నుంచి తెచ్చిన మేధో వైకల్యం ఉన్న మహిళలకు ఇదే ఆపరేషన్ చేశారు, శుభ్రత కోసమే అన్నారు. దేశమంతా గొడవైంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్‌లో ఇప్పుడు స్పష్టంగా ఉంది: వైకల్యం ఉన్న మనిషికి, ఆ మనిషి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఒప్పుకోకుండా, సంతానం కలగకుండా చేసే చికిత్స ఏదీ చేయకూడదు.

సిస్టర్ చట్టంతో మొదలుపెట్టలేదు. వాకిట్లో ఉన్న రెండు కుప్పల వైపు చూపించింది.

"గా ఆకులు ఏరుడు ఎన్ని దినాలల్ల నేర్చుకున్నదమ్మా?"

"ఏడాది వట్టింది."

"గిది గూడ నేర్పుదాం. ఒక డబ్బా, ఎప్పుడూ ఒక్క జాగల్నే. లోపలి బట్టకు ఎర్రదారంతోని గుర్తు కుట్టు, ప్యాడ్ గాడికెల్లి గీడిదాక అని. పొద్దుగాల, పగటీలి, మాపటీలి, పండుకునేముందు, మార్చే వేళలు మారద్దు. మొదలు నువ్వు చేసి చూపియ్యి, తర్వాత చెయ్యి పట్టి చేయించు, తర్వాత నోటితోని చెప్పు, తర్వాత ఊకె చూడు. చేసినప్పుడల్ల మెచ్చుకో." కాసేపు ఆగి, ఇంకా మెల్లగా అంది. "ఇంకోటి అమ్మా. గర్భసంచి తీస్తె నెత్తురే ఆగుతది. ఎవడన్న చెయ్యి వేస్తె గది ఆపదు. వేసినా నీకు తెల్వకుండ జేస్తది. ఎవ్వల్ని ముట్టనియ్యాలె, ఎవ్వల్ని ముట్టనియ్యద్దు, గది గూడ నేర్పాలె. ఇది నేర్వగలదు."

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. అడగాలనుకున్నది అది కాదేమో అనిపిస్తుంది. దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది. ఇలాంటి ఇళ్లలో ఆ ప్రశ్న ఎప్పుడూ చివరికే వస్తుంది.

"నేను పోయినంక?"

ఊరుకో అమ్మా, నువ్వు వందేళ్లుంటవు అని ఆశక్క అనబోయింది. సిస్టర్ ఆమె మోచేయి తట్టింది. ఆ ప్రశ్నకు ఓదార్పు ఇవ్వడం ప్రశ్నను పక్కకు తోయడమే. జవాబులు ఉన్నాయి, తక్కువే అయినా ఉన్నాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవాళ్ల కోసం వచ్చింది. 18 నిండినవాళ్లకు చట్టబద్ధమైన సంరక్షకుణ్ని నియమించే అధికారం కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి ఇచ్చింది. ఆ ట్రస్టు కిందే నిరామయ బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా. ఈ రెండు మాటలూ తల్లి ఎన్నడూ వినలేదు.

దుబాయ్‌కి వీడియో కాల్ కలిపారు. కొడుకు పని మధ్యలో ఉన్నాడు, తల మీద హెల్మెట్. "చెల్లెకు నేనే ఉంట అవ్వా, గదేం మాట," అన్నాడు. సిస్టర్ ఫోను అందుకుని నమస్తే చెప్పి, సంతకం నువ్వు పెడతావు సరే, గోలీ ఎవరు వేస్తారు, మూర్ఛ వస్తే గడియారం ఎవరు చూస్తారు అని అడిగింది. అతను ఒక్క క్షణం ఆగి, "నా భార్య," అన్నాడు. కోడలు అప్పటిదాకా తలుపు చాటునే నిలబడి ఉంది. చిన్నవయసు, చంకలో బిడ్డ. ఆమెనెవరూ ఏమీ అడగలేదు ఇంతవరకు.

"చెల్లె, నీకు భయమా?" అంది సిస్టర్.

"భయమే అక్కా. గిందాక తలుపు గట్టిగ పట్టుకున్న."

"అందరికి భయమే. ఇటు రా. ఆశక్క కింద పండుకుంటది, నువ్వు పక్కకు తిప్పు."

ఆశక్క నిజంగానే నేల మీద పడుకుంది. కోడలు బిడ్డను అత్తకిచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. మొదటిసారి చెయ్యి లాగింది. భుజం, తుంటి రెండూ పట్టి తిప్పాలని సిస్టర్ చూపింది. రెండోసారి సరిగ్గా తిరిగింది. చున్నీ తలకింద. నోట్లో ఏమీ వద్దు. ఫోనులో స్టాప్‌వాచీ ఎక్కడుందో చూపిస్తే కోడలికి అది ముందే తెలుసు. తర్వాత సిస్టర్ డైరీలోంచి ఒక కాగితం చింపి, మందుల పేర్లు, వేళలు, మూర్ఛ ఎలా మొదలవుతుంది, నొప్పైతే ఏం చేస్తుంది, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఒక్కొక్కటి అడిగి రాసింది. సగం జవాబులు కోడలే చెప్పింది, అత్తకు తెలియనివి కూడా. సూది చూస్తే కాదు, తెల్లకోటు చూస్తే భయపడుతుందట. దవాఖానకు పోయినప్పుడల్లా ఈ కాగితం ముందుగా చూపించాలని, ఇంకో రెండు కాపీలు తీయించి ఒకటి ఆటో నడిపే పక్కింటబ్బాయి దగ్గర ఉంచాలని చెప్పింది.

"సోమవారం జగిత్యాలల ప్రజావాణి ఉంటది," అని లేచింది సిస్టర్. "సదరం కాగితం, ఆధార్, ఇద్దరి ఫొటోలు పట్టుకోండ్రి. సంరక్షకుల దరఖాస్తు ఎవ్వలకియ్యాల్నో ఆడ అడుగుదాం. నాకు డ్యూటీ ఉన్నది గని, ఆశక్క వస్తది. ఏడింటికి బస్టాండ్ల ఉండుండ్రి. కోడల్ని తీస్కరావాలె అమ్మా, నువ్వొక్కదానివే పోవద్దు. ఇయ్యాల్నే మనిషిని పంపి గోలీలు తెప్పియ్యి, రాత్రికల్ల ఒకటి పడాలె."